పాత టూరింగ్ సైకిలుకి చేతులు తిమ్మిరెక్కని హ్యాండిల్ ఏది? పాత స్టెమ్‌కే పడుతుందా?

కమాను_సైకిలు:

సైకిలు 1970ల నాటి ప్యూజో టూరింగ్. ఫ్రేము, ఫోర్కు, స్టెమ్ (ఫోర్కు గొట్టంలోకి దిగి హ్యాండిల్‌ని పట్టుకునే ముక్క) అన్నీ కంపెనీవే. డ్రాప్ హ్యాండిల్ (కొమ్ములు కిందికి వంగినది), వెడల్పు 38 సెం.మీ. బ్రేకులు మఫాక్ సెంటర్‌పుల్ (మధ్యలోంచి వైరు పైకి లాగితే పట్టేవి). లివర్లకి పైనుంచి నొక్కే అదనపు లివర్లు కూడా ఉన్నాయి. గేరు లివర్లు సింప్లెక్స్‌వి, డౌన్‌ట్యూబ్ (హ్యాండిల్ కింద నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం) మీద.

సమస్య: 40 కిలోమీటర్లు దాటేసరికి రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. మెడ వెనక కూడా పట్టేస్తోంది. కింది కొమ్ములు పట్టుకునే పని అస్సలు పడటం లేదు.

వెనక్కి వంగిన హ్యాండిల్ (నార్త్ రోడ్ రకం) వేస్తే నిటారుగా కూర్చోవచ్చు కదా అని చూస్తున్నా. అడగాల్సినవి మూడు. ఒకటి, అది రోజుకి 80–100 కి.మీ. టూరింగుకి పనికొస్తుందా? రెండు, ఇప్పుడున్న స్టెమ్‌లో పడుతుందా? మూడు, బ్రేక్ లివర్లు, వైర్లు అన్నీ మార్చాల్సిందేనా?

మరల_మేస్త్రి:

హ్యాండిల్ సంగతి తర్వాత. ముందు సీటు చూడండి.

చిటికెన వేలు, ఉంగరపు వేలు రెండే తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి బయటి అంచులో వెళ్లే నరం (అల్నార్ నరం) నలుగుతోందని అర్థం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే అది వేరే నరం, మణికట్టు మరీ వంగి ఉండటం వల్ల వచ్చేది. మీ విషయంలో చేతుల మీద బరువు ఎక్కువ పడుతోంది. బరువు ఎందుకు పడుతోందో తేల్చకుండా హ్యాండిల్ మారిస్తే నొప్పి ఇంకో చోటికి మారుతుందంతే.

సీటు మీద ఒక మట్టం కర్ర పెట్టి చూడండి. ముక్కు కిందికి వాలి ఉంటే శరీరం తొక్కిన ప్రతిసారీ ముందుకి జారుతుంది. ఆ జారుడుని ఆపేది అరచేతులే. ముక్కుని మట్టానికి తెండి. తోలు సీటయితే ఒక్క పిసరు పైకే ఉండనివ్వండి. ఇంకో తప్పు, హ్యాండిల్ దూరమనిపించి సీటుని పట్టాల మీద ముందుకి జరపడం. దూరం తగ్గినట్టే ఉంటుంది గానీ నడుము పెడళ్ల మీదికి వచ్చేసి బరువంతా చేతుల మీదికి పోతుంది. సీటు స్థానం పెడళ్లని బట్టి పెట్టాలి. హ్యాండిల్ దూరాన్ని స్టెమ్‌తోనే సరిచేయాలి.

పరీక్ష ఇలా చేయండి. ట్రైనర్ (సైకిలు ఉన్నచోటే తొక్కే స్టాండు) మీదో, ఎవరైనా వెనక పట్టుకుంటేనో, మామూలు జోరుతో తొక్కుతూ నడుము వంపు మార్చకుండా రెండు చేతులూ అంగుళం పైకి ఎత్తండి. రెండు మూడు క్షణాలు నిలబడగలిగితే సీటు స్థానం బాగానే ఉన్నట్టు. వెంటనే ముందుకి పడిపోతుంటే సీటు సరిచేసి మళ్లీ చూడండి.

ఆ తర్వాత ఇంకో పరీక్ష. ఒక అరగంట బ్రేక్ హుడ్ల (లివర్ల పైన చెయ్యి ఆనే భాగం) మీద కాకుండా, స్టెమ్ పక్కన అడ్డంగా ఉన్న భాగం పట్టుకుని తొక్కండి. (ఖాళీ రోడ్డు మీద. అక్కడ బ్రేకు దూరం.) హాయిగా ఉంటే మీకు దూరం ఎక్కువైందన్నమాట. అడ్డభాగానికీ హుడ్లకీ మధ్య 90–100 మి.మీ. తేడా ఉంటుంది కాబట్టి ఎంత తగ్గించాలో కూడా అందాజుగా తెలిసిపోతుంది. అక్కడ పట్టుకున్నా మెడ పట్టేస్తుంటే అది ఎత్తు సమస్య.

ఇప్పుడు వెనక్కి వంగిన హ్యాండిల్ లెక్క చూద్దాం. మీ స్టెమ్ పొడుగు (ముందుకి చాచిన భాగం) 90 మి.మీ. అనుకుందాం. డ్రాప్ హ్యాండిల్‌లో హుడ్లు దానికి ఇంకో 100 ముందుంటాయి. అంటే ఫోర్కు గొట్టం నుంచి 190 ముందు మీ చేతులు. నార్త్ రోడ్ రకంలో కొసలు క్లాంపు (స్టెమ్ హ్యాండిల్‌ని పట్టుకునే నోరు) నుంచి దాదాపు 190 వెనక్కి వస్తాయి. గ్రిప్పు మధ్యన పట్టుకుంటే 130 వెనక్కి. 90లోంచి 130 తీస్తే చేతులు ఫోర్కు గొట్టానికి 40 మి.మీ. వెనక ఉంటాయి. అంటే మొత్తం 230 మి.మీ. జరిగాయి. దాదాపు జానెడు! టూరింగ్ ఫ్రేము అంత మార్పుకి గీసింది కాదు. పొడుగు స్టెమ్ వేస్తే కొంత సర్దుకుంటుంది గానీ నడుము నిటారయిపోయి బరువంతా సీటు మీద పడుతుంది. సన్నటి సీటు మీద అప్పుడు కూర్చోలేరు. మోకాళ్ల సంగతీ చూడాలి: పెడల్ పైకొచ్చినప్పుడు చక్రం తిప్పితే హ్యాండిల్ కొస మోకాలికి తగులుతుందా లేదా?

కాబట్టి ఏదీ కొనకుండా ముందు ఈ కొలతలు రాయండి: సీటు పైభాగానికీ హ్యాండిల్ పైభాగానికీ ఎత్తు తేడా, స్టెమ్ పొడుగు, స్టెమ్ కాడ (ఫోర్కు గొట్టంలోకి దిగే నిలువు భాగం) మొత్తం పొడవు, అందులో ఎంత లోపల ఉంది, కాడ మందం, హ్యాండిల్ మధ్యలో స్టెమ్ పట్టుకునే చోట మందం. మందాలు రెండూ వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. స్కేలు పనికిరాదు. ఇక్కడ 0.2 మి.మీ. తేడాకే పని చెడుతుంది.

ఎదురుగాలి:

మేస్త్రి గారి లెక్కతో ఏకీభవిస్తూ ఒక్క మాట. రోజుకి 80–100 కి.మీ. అంటే నాలుగైదు గంటలకి తక్కువ కాదు. నొప్పి రాకుండా చూసేది మెత్తటి గ్రిప్పు కాదు, చేతులు మార్చుకునే చోట్లు. డ్రాప్‌లో అడ్డభాగం, వంపు, హుడ్లు, కింది కొమ్ములు, కొసలు అని నాలుగైదు పట్లున్నాయి. నార్త్ రోడ్‌లో గ్రిప్పులు ఒకటి, వంపు దగ్గర ముందు భాగం ఇంకొకటి. ముందు భాగం పట్టుకుంటే చేతికి బ్రేకు అందదు. ఎదురుగాలి మొదలైతే నిటారుగా కూర్చున్నవాడు తెరచాప అయిపోతాడు.

మీకు కింది కొమ్ములు వాడే పని పడటం లేదంటే అవి మరీ కిందున్నాయని. హ్యాండిల్‌ని సీటు ఎత్తుకి తెస్తే అవే కొమ్ములు అక్కరకొస్తాయి.

38 సెం.మీ. అనేది ఆ రోజుల రేసింగ్ అలవాటు. రెండు భుజాల ఎముకల కొసల మధ్య దూరం కొలిపించుకుని అంతో, ఒకట్రెండు సెం.మీ. ఎక్కువో తీసుకోండి. చాలామందికి 42 లేదా 44 పడుతుంది. కొనేటప్పుడు ఆ కొలత గొట్టం మధ్య నుంచి మధ్యకా, బయటి అంచు నుంచి అంచుకా అడగండి. రెంటికీ 2 సెం.మీ.కి పైగా తేడా.

కమాను_సైకిలు:

కొలిచాను.

సీటు కంటే హ్యాండిల్ 70 మి.మీ. కింద ఉంది. స్టెమ్ పొడుగు 100. కాడ మొత్తం 135, అందులో 100 లోపల, 35 బయట. కాడ మందం 22.0. హ్యాండిల్ మధ్యలో 25.0. సీటు ముక్కు నిజంగానే కిందికి వాలి ఉంది, మట్టానికి తెచ్చాను. స్టెమ్ పక్కన పట్టుకుంటే చేతులు బాగున్నాయి, మెడ మాత్రం అలాగే ఉంది.

ఇంకో విషయం. పాత కాడ అడుగున నిలువుగా చీలిక ఉంది, దాని పైకొసన చిన్న రంధ్రం. అది పగులా, తయారీలోనే ఉందా?

మరల_మేస్త్రి:

చీలిక తయారీలోదే. లోపలి శంకువు పైకి లాగినప్పుడు కాడ విచ్చుకుని పట్టుకోడానికి పెట్టారు. కానీ ఆ రంధ్రం పైన వెంట్రుకవాసి గీతలేమైనా మొదలయ్యాయా, కాడ అడుగుభాగం ఉబ్బి శాశ్వతంగా అలాగే ఉండిపోయిందా అన్నది భూతద్దంతో చూడండి. ఆ కాలపు ఇలాంటి అల్యూమినియం స్టెముల్లో బోల్టుని మితిమీరి బిగించినందువల్ల పగులు సరిగ్గా ఆ రంధ్రం దగ్గరే పుడుతుంది. బయటికి కనపడదు, హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగులు) లోపల ఉంటుంది. తెగితే హ్యాండిల్ చేతిలోకి వచ్చేస్తుంది. అనుమానం ఉంటే పారేయండి, దాని మీద వాదన వద్దు. ఎలాగూ మీ పనికి అది చాలదు. ఎందుకో చెప్తాను.

కాడ కనీసం 65 మి.మీ. ఫోర్కు గొట్టంలో ఉండాలి. మీకు 135 ఉంది కాబట్టి 70 బయటికి రావచ్చు, అంటే ఇప్పటికంటే 35 పైకి. మీకు కావాల్సింది 70. సగమే తీరింది. ఇంకో నియమం, కాడ అడుగున విచ్చుకుని బిగుసుకునే భాగం ఫోర్కు గొట్టం మీద మరలున్న భాగం కంటే కిందే ఉండాలి. మరలు కోసినచోట గొట్టం గోడ పలచన. అక్కడ లోపలి నుంచి తోస్తే ఉబ్బుతుంది, పగులుతుంది.

కాబట్టి పొడుగు కాడ స్టెమ్ కావాలి. నిట్టో టెక్నోమిక్ ఇందుకే పుట్టినట్టుంటుంది: కాడ 225 మి.మీ., హ్యాండిల్ పట్టుకునే చోట 25.4. చిక్కల్లా కాడ మందం 22.2 కావడం. మీ ఫోర్కు ఫ్రెంచ్ కొలత: బయట 25.0, లోపల 22.0. బ్రిటిష్, జపనీస్ కొలతలో బయట 25.4, లోపల 22.2. ఈ 0.2 తేడాని సుత్తితో తీర్చబోయి ఇరుక్కుపోయిన స్టెములు ఎన్నో.

అరగదీయాలి. అల్యూమినియం కాబట్టి చేత్తోనే అవుతుంది. ముందు కాడలో లోపలికి పోయే భాగం మొత్తం మార్కర్ పెన్నుతో నల్లగా పూయండి. 120 నంబరు ఎమరీ గుడ్డని రెండు వేళ్ల వెడల్పు పట్టీగా చింపి, కాడ చుట్టూ వేసి బూటు తుడిచినట్టు అటూ ఇటూ లాగండి. పది పన్నెండు లాగులకోసారి కాడని పావు వంతు తిప్పండి. నలుపు ఎక్కడ పోయిందో, ఎక్కడ మిగిలిందో చూస్తే చెయ్యి ఎటు ఎక్కువ పడుతోందో తెలుస్తుంది. మళ్లీ పూయండి, మళ్లీ తీయండి. తీయాల్సింది చుట్టూ 0.1 మాత్రమే. పై, మధ్య, అడుగు మూడు చోట్లా, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కాలిపర్ పెట్టండి. 22.05 దగ్గరికి వచ్చాక గుడ్డ మార్చి 240, ఆపైన 400 వాడండి. చివరి రుద్దుడు మాత్రం అడ్డంగా కాదు, నిలువుగా. చుట్టూ తిరిగే గీతలు అలాగే వదిలేస్తే పగులు మొదలయ్యే చోట్లు అవే. గ్రీజు రాసిన కాడ చేత్తో నెడితే బిగువుగా దిగాలి, కదిపితే ఆడకూడదు. అక్కడితో ఆపేయండి. ఫోర్కు గొట్టం లోపల మాత్రం గీకొద్దు.

రెండు జాగ్రత్తలు. కొత్త కాడ అడుగున ఏటవాలుగా కోసి ఉండే విడి ముక్కనీ (బోల్టు బిగిస్తే పక్కకి జరిగి పట్టుకునేది) కొలవండి, అది 22.0 కంటే లావుంటే దాన్నీ రుద్దాలి. ఇది మర్చిపోయి కాడ చక్కగా దిగుతోంది గానీ ముక్క దగ్గర ఆగిపోతోందని బుర్ర బద్దలు కొట్టుకుంటారు. రెండోది, రుద్దే ముందే కనీస లోతు గీత ఎక్కడుందో కొస నుంచి కొలిచి రాసుకోండి. గీత అరిగి చెరిగిపోతే మళ్లీ చెక్కొద్దు, పెన్నుతో గుర్తు పెట్టుకుంటే చాలు.

పొడుగు కాడని పూర్తిగా కిందికి దింపగలమని అనుకోవద్దు. కొన్ని ఫోర్కు గొట్టాలు అడుగున లోపల సన్నబడతాయి. మీకు పైకే కావాలి కాబట్టి ఇబ్బంది లేదు.

ఇప్పుడు పొడుగు. ఫోర్కు నిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. 72 డిగ్రీల వాలు అనుకుంటే కాడని 30 మి.మీ. పైకి లాగిన ప్రతిసారీ హ్యాండిల్ 9–10 మి.మీ. వెనక్కి వస్తుంది. మీరు 70 పెంచితే 20 మి.మీ. పైనే దగ్గరవుతుంది. ఇప్పటి స్టెమ్ 100. కొత్తది 80 తీసుకుంటే ఇంకో 20. మొత్తం 40 తగ్గింది. మీ పరీక్షలో 100 తగ్గినప్పుడు హాయిగా ఉందన్నారు. అందులో సగం దాకా సీటు వాలు సరిచేసినందువల్లే రావచ్చు. 80 దగ్గరే ఆగండి. 60కి దిగితే హ్యాండిల్ తిప్పుడు తేలికైపోయి, ముందు సంచుల బరువుతో సైకిలు తూలుతుంది.

హ్యాండిల్ విషయానికొస్తే నేను సూచించేది రాండొనూర్ రకం డ్రాప్: నిట్టో బి135 లాంటిది. స్టెమ్ నుంచి అడ్డభాగం వంపుల వైపు వెళ్తూ మెల్లగా పైకి లేస్తుంది, కొమ్ములు కిందికి వెళ్తూ బయటికి విచ్చుకుంటాయి. మధ్యలో 25.4, లివర్లు కూర్చునేచోట 23.8. మీ మఫాక్ లివర్ల పట్టీలు ఆ మందానికి సరిపోతాయి. ఫ్రెంచ్ గొట్టం 23.5 కాబట్టి తేడా ఏమీ కాదు. స్టెమ్, హ్యాండిల్ రెండూ 25.4వి ఒకేసారి తీసుకోండి. 26.0 హ్యాండిల్ని 25.4లోకి దూర్చడం, 25.4 హ్యాండిల్ని 26.0 స్టెమ్‌లో వేసి బోల్టు మీద కసి తీర్చుకోవడం, రెండూ వద్దు. మొదటిదాంట్లో హ్యాండిల్ నలుగుతుంది, రెండోదాంట్లో స్టెమ్‌కి బోల్టు దూరే చెవి పగులుతుంది. డ్రింకు డబ్బా రేకు చుట్టి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. ఆ రేకు 0.1 మాత్రమే, పొరల మీద పొర వేస్తే లోపల జారుతుంది.

తొడుగు_తీగ:

స్టెమ్ గురించి చెప్పాల్సింది అయిపోయింది, బ్రేకులు మిగిలాయి.

డ్రాప్‌లోనే ఉంటే మఫాక్ లివర్లు ఉంచేయొచ్చు. పైనున్న అదనపు లివర్లు మాత్రం తీసేయండి. అవి సాగుతాయి, బ్రేకు సగం బలమే పట్టుకుంటుంది. పైగా లివర్ పూర్తి దూరం కదలకుండా అడ్డుపడతాయి. తీసేశాక ఇరుసు పిన్ను పొడుగ్గా బయటికి పొడుచుకొచ్చి ఉంటే పొట్టి పిన్ను వేయాలి, లేదంటే అది అరచేతికి గుచ్చుకుంటుంది. అడ్డభాగం మీంచి కూడా బ్రేకు కావాలంటే వైరు మధ్యలో తగిలించే లివర్లు దొరుకుతాయి. కానీ అవి వైరు టేపు కిందనుంచి వచ్చే లివర్లతోనే కుదురుతాయి. మీవి వైరు పైనుంచి గాల్లోకి లేచే రకం.

ఎప్పుడైనా వెనక్కి వంగిన హ్యాండిలుకే మారితే ఇది గుర్తుపెట్టుకోండి: ఆ గొట్టం 22.2, డ్రాప్ లివర్లు దాని మీద కూర్చోవు. కొత్త లివర్లు కొనేటప్పుడు వి-బ్రేకులవి కొనొద్దు. అవి వైరుని దాదాపు రెండింతలు లాగుతాయి, బలం ఆ మేరకు తగ్గుతుంది. సెంటర్‌పుల్‌కి వేస్తే లివర్ చెక్కలా గట్టిగా ఉండి సైకిలు ఆగదు. కాంటిలీవర్, కాలిపర్ బ్రేకులకని రాసి ఉన్నవే తీసుకోండి. వైరు కొసన ఉండే గుండు కూడా వేరు. డ్రాప్ లివర్లకి బేరిపండు ఆకారం, ఫ్లాట్ లివర్లకి పీపా ఆకారం. రెండు కొసలా రెండు రకాలున్న వైరు దొరుకుతుంది, అక్కర్లేనిది కత్తిరించేయడమే. కాకపోతే ఏ కొస కత్తిరిస్తున్నారో రెండుసార్లు చూసుకోండి.

హ్యాండిల్ 70 మి.మీ. పైకి పోతోంది కాబట్టి పాత వైరు తొడుగులు చాలవు. సెంటర్‌పుల్‌లో ముందు బ్రేకు వైరు హెడ్‌సెట్ పైనున్న హ్యాంగర్‌లో ఆగుతుంది. తొడుగు పొట్టిదైతే హ్యాండిల్ తిప్పినప్పుడు అది లాక్కుని మలుపులో బ్రేకు దానంతటదే పట్టేస్తుంది. కొత్త తొడుగు లివర్‌లో పెట్టి, హ్యాండిల్ ఎడమకీ కుడికీ పూర్తిగా తిప్పి, రెండు వైపులా వంపు మిగిలేలా చూసి అప్పుడు కోయండి. బ్రేకుకి 5 మి.మీ. చుట్టతీగ తొడుగే వాడాలి. గేరు తొడుగు 4 మి.మీ.ది, దాని తీగలు నిలువుగా ఉంటాయి, గట్టిగా బ్రేకు నొక్కితే చీలి విచ్చుకుంటుంది. కోసిన కొసని ఆకురాయితో చదును చేసి, లోపలి ప్లాస్టిక్ గొట్టం నోరు మేకుతో తెరవండి. ఈ అరనిమిషం పని వదిలేసి బ్రేకు గట్టిగా ఉందని లివర్లని తిడతారు.

నాలుగు_పట్లు:

బటర్‌ఫ్లై హ్యాండిల్ ఎవరూ ఎత్తలేదేం? లోడు వేసుకుని తిరిగేవాళ్లకి దాన్ని మించింది లేదు. దూరంగా, దగ్గరగా, పక్కన, మూల మీద ఎక్కడ కావాలంటే అక్కడ పట్టుకోవచ్చు. మందం 22.2.

ఎదురుగాలి:

పట్లున్నాయి, కాదనను. కానీ ఆ ఎనిమిది అంకె వంకరలు ఒకే బోల్టు స్టెమ్‌లోంచి దూరవు. ముందు మూత ఊడొచ్చే స్టెమ్ కావాలి. అంటే కాడ స్థానంలో అడాప్టరు పెట్టి దానిమీద కొత్త రకం స్టెమ్. ఆ అడాప్టరు కాడ కూడా 22.2, దాన్నీ రుద్దాలి. లివర్లు మార్చాలి, గేర్లూ కదపాలి. ఆ సన్నటి లగ్గుల ఫ్రేము మీద అది చూడ్డానికి ఎలా ఉంటుందో నేను చెప్పను.

నాలుగు_పట్లు:

చేతులకి కళ్లుండవు కదండీ!

కమాను_సైకిలు:

నిట్టో 80 మి.మీ. స్టెమ్, బి135 హ్యాండిల్ అనుకుంటున్నా. మిగిలినవి రెండే. ఒకే బోల్టు స్టెమ్‌లోంచి ఈ హ్యాండిల్ గీతలు పడకుండా ఎలా దూర్చాలి? ఎత్తు పెరిగాక డౌన్‌ట్యూబ్ గేరు లివర్లు దూరమవుతాయి కదా, వాటిని హ్యాండిల్ కొసలకి మార్చొచ్చా?

మరల_మేస్త్రి:

దూర్చడం: హ్యాండిల్ మీద టేపు, లివర్లు ఏవీ లేకుండా ఖాళీగా ఉండాలి. స్టెమ్ బోల్టు పూర్తిగా తీసేయండి. రెండు చెవుల మధ్య సందులో ఒక నాణెం నిలబెట్టండి. ఇప్పుడు బోల్టుని తలకిందులు వైపు నుంచి, అంటే మరలున్న చెవి బయటి నుంచి తిప్పండి. దాని కొస నాణేన్ని తోస్తుంది, నాణెం ఎదుటి చెవిని తోస్తుంది, నోరు తెరుచుకుంటుంది. 1 మి.మీ. చాలు. 2 దాటనివ్వొద్దు. అల్యూమినియం అంతకంటే సాగితే వెనక్కి రాదు. రెండు చెవులకీ మరలు లేకుండా బయట విడి నట్టు ఉండే స్టెమ్‌కి ఈ కిటుకు పనిచేయదు. దానికి చెక్క మేకు నెమ్మదిగా దించాలి.

హ్యాండిల్ని కొమ్ము కొస నుంచి ఎక్కించి, వంపు వచ్చినచోట వంపు లోపలివైపు క్లాంపులో సన్నగా ఉన్న అంచు వైపు ఉండేలా తిప్పుతూ జరపండి. ఇరుక్కుంటే వెనక్కి తీసి ఇంకో కోణంలో పెట్టండి, లాగొద్దు. క్లాంపు లోపలి అంచు పదునుగా ఉంటే 400 ఎమరీతో ఒక్కసారి మట్టం చేయండి. అడ్డంగా పడిన లోతు గీత అందం సమస్య కాదు, హ్యాండిల్ అక్కడే తెగుతుంది. మధ్య ఉబ్బెత్తు తొడుగు సరిగ్గా నడిమికి వచ్చాక నాణెం తీసి, లోపల పలచగా గ్రీజు రాసి బోల్టు వేయండి. గ్రీజు లేకుండా బిగిస్తే ఒకవైపు బలంగా లాగినప్పుడల్లా కిర్రుమంటుంది. గ్రీజు రాసినా ఆ చప్పుడు పోకపోతే తొడుగే గొట్టం మీద వదులైందని. కొత్తదాంట్లో ఇది రాకూడదు. వాడిన పాత హ్యాండిల్ కొన్నప్పుడు చూసుకోవాల్సింది ఇదే, ఇంకా టేపు కింద చెమటకి తెల్లటి పొడి పట్టి గుంటలు పడిందా అన్నది.

కాడ బోల్టు బిగువు: ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ తిప్పండి. మామూలు బలానికి కదలకూడదు. ఒళ్లంతా పెట్టి తిప్పితే కొద్దిగా కదిలినా పర్లేదు, కింద పడినప్పుడు ఫోర్కు బదులు అది తిరుగుతుంది. క్లాంపు బోల్టుకి వేరే పరీక్ష: రెండు హుడ్ల మీద శరీరం బరువంతా వేయండి. హ్యాండిల్ కిందికి తిరక్కూడదు. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత రెండూ మళ్లీ చూడండి. గ్రీజు సర్దుకుని కాస్త వదులవుతాయి.

హ్యాండిల్ వాలు కూడా చూసుకోండి. కింది కొమ్ముల కొసలు వెనక చక్రం ఇరుసు వైపు చూసేలా మొదలుపెట్టి, హుడ్ల మీద మణికట్టు తిన్నగా వచ్చేదాకా ఒక్కో డిగ్రీ తిప్పండి. టేపు చివరన చుట్టాలి, వారం తొక్కాక. ముందే చుట్టేస్తే లివర్లు 5 మి.మీ. జరపడానికి బద్ధకించి అలాగే నొప్పితో తిరుగుతారు. మెత్తదనం కావాలంటే అరచేతి బయటి అంచు ఆనే చోట మాత్రం టేపు కింద పాత టేపు ముక్క ఒక పొర వేయండి.

తొడుగు_తీగ:

గేర్లు నేను చెప్తా. కొసల లివర్లు మీ డ్రాప్ హ్యాండిల్‌కి పడతాయి. అవి గొట్టం లోపలికి దూరి విచ్చుకుని పట్టుకుంటాయి. వెనక్కి వంగిన 22.2 అల్యూమినియం హ్యాండిళ్లలోనే గోడ మందమై లోపల చోటు చాలక ఇబ్బంది వస్తుంది, ఉక్కు గొట్టమైతే గోడ పలచన కాబట్టి దూరతాయి. మీకా గొడవ లేదు. ఫ్రిక్షన్ లివర్లే తీసుకోండి. వాటికి క్లిక్కుల లెక్క ఉండదు కాబట్టి పాత సింప్లెక్స్ డెరైలర్‌తో (గొలుసుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది) కూడా నడుస్తాయి.

డౌన్‌ట్యూబ్ లివర్లు తీసేసినచోట తొడుగు ఆగడానికి ఒక పట్టీ ఆపు కావాలి. ఇక్కడే ఫ్రెంచ్ కొలత మళ్లీ ఎదురవుతుంది. దొరికే పట్టీలు 28.6వి, మీ డౌన్‌ట్యూబ్ 28.0. అలాగే బిగిస్తే గేరు లాగినప్పుడు పట్టీ కిందికి జారి రంగు గీస్తుంది. 0.3 మి.మీ. రేకు ఒక్క చుట్టు వేయండి, అంచుల మధ్య సందు పట్టీ బోల్టుకి ఎదురు వైపు వచ్చేలా. పట్టీ కింద ఫ్రేముకి మేకు లాంటి బొడిపె ఉందేమో చూడండి. పాత లివర్ల పట్టీ జారకుండా కొన్ని ఫ్రేములకి పెట్టారు. ఉంటే పట్టీని దానికి ఆనించి బిగిస్తే రేకుతో కూడా పని లేదు.

అయితే తొందరేం లేదు. ముందు స్టెమ్, హ్యాండిల్ వేసి, గేర్లు ఉన్నచోటే ఉంచి ఒక నెల తొక్కండి. చెయ్యి కిందికి చాపడం నిజంగా కష్టమనిపిస్తే అప్పుడు మార్చండి. కొసల లివర్లు వస్తే టేపు మళ్లీ విప్పాలి కాబట్టి, ఆ నెల రోజులూ టేపు కొసలకి మూతలు గట్టిగా కొట్టకుండా వదులుగానే పెట్టి ఉంచండి. మూతలు లేకుండా మాత్రం తిరగొద్దు, పడితే ఖాళీ గొట్టం కొస తొడలో దిగుతుంది.